పాతాళ భైరవి (సినిమా)

పాతాళ భైరవి 1951 మార్చి 15న విడుదలైన తెలుగు జానపద చలనచిత్రం. విజయా ప్రొడక్షన్స్ పతాకంపై నాగిరెడ్డి, చక్రపాణి నిర్మించిన ఈ చిత్రానికి కె.వి.రెడ్డి దర్శకుడు. నందమూరి తారక రామారావు, ఎస్.వి.రంగారావు, కె.మాలతి ప్రధాన పాత్రధారులు. కథ, మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు రచించగా ఘంటసాల వెంకటేశ్వరరావు సంగీతం సమకూర్చాడు. ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్‌లే నిర్వహించాడు. చిత్రం నిడివి సుమారు మూడుంబావు గంటలు.

కత్తియుద్ధాలు, సాహసాలు, మాయలు, హాస్యం కలగలిపిన సినిమాలు హాలీవుడ్‌లో మూకీల కాలం నుండి ఉన్నాయి. అక్కడ వాటిలో పెద్ద భాగం సముద్రపు దొంగల కథలు. తెలుగులో ఆ స్థానాన్ని జానపద చిత్రం ఆక్రమించింది. ఓడకు బదులు కోట, సముద్రానికి బదులు అడవి, నౌకానాయకునికి బదులు తోటమాలి కొడుకు. ఆ మూసకు స్పష్టమైన రూపమిచ్చిన సినిమాగా పాతాళ భైరవిని పేర్కొనవచ్చు.

నేపథ్యం

నాగిరెడ్డి, చక్రపాణి కలిసి స్థాపించిన విజయా సంస్థ తొలి చిత్రం షావుకారు (1950). ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వంలో వచ్చిన ఈ సాంఘిక చిత్రం విమర్శకుల మెప్పు పొందింది గానీ ఆర్థికంగా ఆశించిన ఫలితం ఇవ్వలేదు. కొత్త సంస్థకు రెండవ చిత్రం విజయం కావడం అత్యవసరమైంది. అప్పటికి కె.వి.రెడ్డి వాహినీ సంస్థకు భక్తపోతన, యోగి వేమన (1947), గుణసుందరి కథ (1949) తీసి మంచి దర్శకునిగా స్థిరపడ్డాడు. గుణసుందరి కథ జానపద చిత్రంగా విజయం సాధించడంతో అదే కోవకు చెందిన కథను మరింత భారీగా తీయాలని నిశ్చయించారు.

నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో చందమామ పిల్లల మాసపత్రికను ప్రారంభించారు. రాకుమారులు, మాంత్రికులు, రాక్షసులు, మాయా వస్తువులు నిండిన కథలను తెలుగు ఇళ్ళలో చదివించిన ఆ ప్రచురణకర్తలే అటువంటి కథను తెరకెక్కించడం గమనింపదగిన విషయం. పత్రికకు, సినిమాకు పాఠకులు, ప్రేక్షకులు చాలావరకు ఒకరే.

కథామూలం - గోదావరి సీమతో సంబంధం

ఈ చిత్రానికి మూలం కాశీమజిలీ కథలలోని ఒక కథ అని చెబుతారు. కాశీమజిలీ కథలను రచించిన మధిర సుబ్బన్న దీక్షితులు (1868-1928) రాజమహేంద్రవర నివాసి. మణిసిద్ధుడనే యతి ఒక గోపాలకుని వెంటబెట్టుకొని కాశీకి కాలినడకన పోతూ, ప్రతి మజిలీలోనూ ఆ బాలుడు చూపిన వింతకు కారణంగా ఒక కథ చెప్పడం ఈ సంపుటాల పథకం. పన్నెండు భాగాలుగా వెలువడిన ఈ కథలు గోదావరి జిల్లాలలోనే గాక ఆంధ్రదేశమంతటా ఇంటింటా చదివినవి. సినిమా చూడని పెద్దవారికి సైతం ఈ తరహా కథ కొత్త కాదు.

కథలో మరి రెండు మూలాల ఛాయలు కనిపిస్తాయి. కోరిన కోరికలు తీర్చే వస్తువు, దాని కోసం అమాయక యువకుని గుహలోకి తీసికొనిపోయే మాంత్రికుడు, ఆ వస్తువు చేజారగానే మేడతో సహా మాయమయ్యే రాకుమారి - ఇవి అరేబియన్ రాత్రుల కథలలోని అల్లావుద్దీన్ కథను గుర్తుకు తెస్తాయి. తనను బలి ఇవ్వబోయిన సాధకునే నాయకుడు బలి ఇవ్వడం విక్రమార్క బేతాళ కథల ముగింపులో ఉన్నదే. పింగళి ఈ మూడింటినీ కలిపి, ఎక్కడ అతుకు పడిందో తెలియకుండా ఒకే కథగా మలిచాడు.

నటవర్గంలోనూ గోదావరి వారి వాటా తక్కువ కాదు. శూరసేనుని పాత్రధారి రేలంగి వెంకట్రామయ్య రావులపాలెం దగ్గరి రావులపాడులో 1910లో జన్మించాడు. కాకినాడలో చదువుకొని, నాటకాల ద్వారా చిత్రసీమకు చేరాడు. అనంతరం తాడేపల్లిగూడెంలో స్థిరపడి 1975లో అక్కడే మరణించాడు. మాంత్రికునిగా నటించిన ఎస్.వి.రంగారావు నూజివీడులో జన్మించినప్పటికీ, కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాలలో పాల్గొని నటనలో ఆరితేరాడు. కాకినాడ, రామచంద్రపురం, రాజమహేంద్రవరం వంటి పట్టణాలలో నాటకానికి ఉన్న ఆదరణ ఆనాటి సినిమాకు నటులను, ప్రేక్షకులను ఒకేసారి తయారుచేసి ఇచ్చింది.

సంక్షిప్త చిత్రకథ

ఉజ్జయిని రాజుగారి తోటమాలి కొడుకు తోటరాముడు (ఎన్.టి.రామారావు). తల్లి కాంతమ్మ (సురభి కమలాబాయి), మిత్రుడు అంజి (బాలకృష్ణ) అతని లోకం. రాకుమారి ఇందుమతి (కె.మాలతి)ని రాణి తమ్ముడు శూరసేనుడు (రేలంగి) పెళ్ళాడాలని ఆశపడుతుంటాడు. పేరులో తప్ప అతనిలో శౌర్యం లేదు. ఒకసారి రాకుమారిని పాము కాటువేయబోగా శూరసేనుడు భయంతో నిలిచిపోతాడు. రాముడు ఆమెను కాపాడతాడు. ఇద్దరి మధ్య అనురాగం పెరుగుతుంది. రహస్యంగా అంతఃపురం చేరిన రాముడు పట్టుబడతాడు. రాజు (సి.ఎస్.ఆర్.ఆంజనేయులు) మరణశిక్ష విధిస్తాడు. కూతురు ప్రాధేయపడగా, తనతో సమానమైన ఐశ్వర్యం సంపాదించి వస్తే పిల్లనిస్తానని నియమం పెడతాడు.

ఇంతలో నేపాళ మాంత్రికుడు (ఎస్.వి.రంగారావు) పాతాళ భైరవి అనుగ్రహం కోసం సాహసవంతుడైన యువకుని బలి ఇవ్వవలసి ఉందని తెలిసికొని, శిష్యుడు సదాజపుని (పద్మనాభం) వదలి ఉజ్జయిని వస్తాడు. ఐశ్వర్యం ఇప్పిస్తానని రాముని నమ్మించి గుహకు తీసికొనిపోతాడు. రాముడు అక్కడి గండాలన్నీ దాటుతాడు. స్నానానికి కొలనులో దిగినపుడు తనపై పడిన మొసలిని చంపగా, అది శాపవిమోచనం పొందిన దేవకాంతగా మారి మాంత్రికుని అసలు ఉద్దేశం తెలుపుతుంది. రాముడు ఉపాయంతో మాంత్రికునే బలి ఇచ్చి పాతాళ భైరవి ప్రతిమను పొందుతాడు. దేవి (గిరిజ) అనుగ్రహంతో గొప్ప మేడ, సంపద లభిస్తాయి. రాజు పెళ్ళికి అంగీకరిస్తాడు.

గురువును వెతుకుతూ వచ్చిన సదాజపుడు సంజీవని మూలికతో మాంత్రికుని బ్రతికిస్తాడు. పెళ్ళి ఆశ తీరక నిస్పృహలో ఉన్న శూరసేనుని లోబరచుకొని మాంత్రికుడు ప్రతిమను దొంగిలింపజేస్తాడు. రాకుమారి, మేడ, సంపద మొత్తం క్షణంలో మాంత్రికుని స్థావరానికి చేరిపోతాయి. రాముడు, అంజి వెతుకుతూ బయలుదేరతారు. దారిలో పోట్లాడుకుంటున్న ఇద్దరు మాయావుల వద్దనుండి అదృశ్యం చేసే శాలువను, కోరిన చోటికి చేర్చే పాదరక్షలను సంగ్రహించి అక్కడికి చేరుకుంటారు. రాముడు బందీ అవుతాడు. అంజి సదాజపుని వేషంలో మాంత్రికుని వద్ద చేరి, రాకుమారి గడ్డాన్ని చూసి భయపడుతున్నదని నమ్మించి గడ్డం తీయించుకునేలా చేస్తాడు. మాంత్రికుని శక్తులన్నీ ఆ గడ్డంలోనే ఉన్నాయి. ప్రతిమ చేజిక్కడం, రాముడు మాంత్రికుని వధించడం, అందరూ మేడతో సహా ఉజ్జయినికి తిరిగి రావడం, వివాహం జరగడంతో కథ ముగుస్తుంది.

పాత్రలు - పాత్రధారులు

తోటరాముడు - నందమూరి తారక రామారావు
నేపాళ మాంత్రికుడు - ఎస్.వి.రంగారావు
ఇందుమతి - కె.మాలతి
ఉజ్జయిని రాజు - సి.ఎస్.ఆర్.ఆంజనేయులు
శూరసేనుడు - రేలంగి వెంకట్రామయ్య
అంజి - బాలకృష్ణ
సదాజపుడు - బి.పద్మనాభం
కాంతమ్మ - సురభి కమలాబాయి
పాతాళ భైరవి - గిరిజ
నర్తకి - సావిత్రి

తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాదలో లీలావతి పాత్ర ధరించిన సురభి కమలాబాయి ఇందులో నాయకుని తల్లిగా నటించింది. తరువాతి కాలంలో తెలుగు తెరను ఏలిన సావిత్రి ఇందులో ఒక నృత్యంలో మాత్రమే కనిపిస్తుంది. ముందు తరం, రాబోయే తరం ఒకే చిత్రంలో కలిసినట్లయింది.

సాంకేతిక వర్గం

దర్శకత్వం - కె.వి.రెడ్డి
కథ, మాటలు, పాటలు - పింగళి నాగేంద్రరావు
చిత్రానువాదం - కె.వి.రెడ్డి, కమలాకర కామేశ్వరరావు
సంగీతం - ఘంటసాల వెంకటేశ్వరరావు
ఛాయాగ్రహణం - మార్కస్ బార్ట్‌లే
కళ - మాధవపెద్ది గోఖలే, కళాధర్
నిర్మాణం - నాగిరెడ్డి, చక్రపాణి

పాత్రల ఎంపిక

తోటరాముని పాత్రకు మొదట అక్కినేని నాగేశ్వరరావును, మాంత్రికుని పాత్రకు ముక్కామలను అనుకున్నారని చిత్రసీమలో ప్రసిద్ధి. రామారావు టెన్నిస్ ఆడుతూ, గురి తప్పినందుకు కోపంతో బంతిని బలంగా కొట్టిన తీరు చూచి కె.వి.రెడ్డి ఇతడే తన తోటరాముడని నిశ్చయించుకున్నాడని మరొక కథనం. విడుదల నాటికి రామారావు వయస్సు 27 సంవత్సరాలు. మనదేశం (1949)లో చిన్న పాత్రతో ప్రవేశించిన అతనికి ఈ చిత్రం సామాన్య ప్రజలలో స్థిరమైన స్థానం కల్పించింది.

భయంకర మాంత్రికునిగా నటించిన రంగారావు వయస్సు అప్పటికి 32 మాత్రమే. వరూధిని (1947)తో చిత్రసీమకు వచ్చి, నిలదొక్కుకోలేక వెనుదిరిగి ఉద్యోగం చేసుకున్న ఆ నటునికి ఇది నిజమైన ఆరంభం. షేక్‌స్పియర్ నాటకంలోని షైలాక్ పాత్ర ప్రభావం ఈ పాత్ర వేషధారణలోనూ నడకలోనూ ఉందని అంటారు. కన్నులు చిన్నవి చేసి, మాటను సాగదీసి, అంతలోనే గంభీరంగా గర్జించే ఆ తీరు తరువాతి తెలుగు మాంత్రికులందరికీ నమూనా అయింది. కథలో సగం వద్ద చనిపోయి తిరిగి లేచిన ప్రతినాయకుడు ప్రేక్షకులకు విసుగు కలిగించక పోవడానికి నటుని ప్రతిభే కారణం.

అంజి పాత్రతో బాలకృష్ణకు అంజిగాడు అనే పేరే స్థిరపడింది.

మాటలు, హాస్యం

పింగళి నాగేంద్రరావు (1901-1971) నాటకకర్తగా, పాత్రికేయునిగా పనిచేసి సినిమాకు వచ్చినవాడు. సంస్కృత పదాన్ని వాడుక మాట పక్కన కూర్చోబెట్టి నవ్వు పుట్టించడం అతని ప్రత్యేకత. బాలుడు అని అర్థమున్న డింభకుడు అనే పదం నిఘంటువులో నిద్రపోతుండేది. ఈ చిత్రంలో మాంత్రికుడు పిలిచిన పిలుపుతో అది పల్లెల్లోని పిల్లల నోటికి ఎక్కింది. పాఠశాల ఆవరణలో ఒకరినొకరు అలా పిలుచుకొనడం ఆ తరం వారికి గుర్తుండే ఉంటుంది. ఒక సంస్కృత పదాన్ని పాఠ్యపుస్తకం కంటె సినిమా ఎక్కువమందికి నేర్పిన సందర్భాలలో ఇది ఒకటి.

చిత్రంలో హాస్యం కథకు అతికించిన అతుకు కాదు. శూరసేనుని పిరికితనం వల్లనే రాముని ధైర్యం బయటపడుతుంది. శూరసేనుని ఆశ వల్లనే ప్రతిమ చేజారుతుంది. సదాజపుని గురుభక్తి వల్లనే మాంత్రికుడు తిరిగి లేస్తాడు. అంజి మాటకారితనం వల్లనే మాంత్రికుడు గడ్డం పోగొట్టుకుంటాడు. అనగా కథ మలుపు తిరిగిన ప్రతి చోటా ఒక హాస్యపాత్ర నిలిచి ఉంది. హాస్యగాళ్ళను తీసివేస్తే కథే నడవదు. అనేక అనుకరణ చిత్రాలు విస్మరించిన సూత్రం ఇదే.

సంగీతం

విడుదల నాటికి ఘంటసాల వయస్సు 28 సంవత్సరాలు. రామారావుకు అతని గాత్రం, మాలతికి పి.లీల గాత్రం ఇందులో చక్కగా అమరాయి. నాయికా నాయకుల యుగళగీతాలు నేటికీ రేడియోలో, పాటకచ్చేరీలలో వినిపిస్తూనే ఉన్నాయి. శూరసేనుని హాస్యగీతాన్ని రేలంగి స్వయంగా పాడాడు. మాంత్రికుని ఆగమనానికి, గుహలోని గండాలకు వాడిన నేపథ్య సంగీతంలో పాశ్చాత్య వాద్యాల వాడకం ఎక్కువ. పాటలలో మాత్రం కర్ణాటక, హిందూస్థానీ రాగాల ఛాయలు కనిపిస్తాయి.

చిత్రీకరణ, మాయాదృశ్యాలు

చిత్రీకరణ మద్రాసులోని వాహినీ స్టూడియోలో జరిగింది. చిత్రీకరణకు ముందే స్క్రిప్టు పూర్తిగా సిద్ధం చేసికొనడం, ప్రతి సన్నివేశానికి ఎంత నిడివి పడుతుందో ముందుగానే లెక్కగట్టడం కె.వి.రెడ్డి పద్ధతి. నటీనటులు, సాంకేతికులు నెలజీతంపై సంస్థలో పనిచేసే కాలమది గనుక రిహార్సళ్ళకు కావలసినంత సమయం దొరికేది.

కంప్యూటర్లు లేని ఆ రోజులలో మాయలన్నీ కెమెరాలోనే జరగాలి. ఫ్రేములో కొంత భాగాన్ని మూసి మిగిలిన భాగాన్ని చిత్రీకరించి, ఫిల్మును వెనుకకు త్రిప్పి, మూసిన భాగాన్ని తెరచి రెండవసారి చిత్రీకరించడం ఆనాటి ప్రధాన ప్రక్రియ. కెమెరా వెంట్రుకవాసి కదిలినా, వెలుతురు కొద్దిగా మారినా రెండు భాగాల మధ్య గీత కనబడుతుంది. పొరపాటు జరిగితే మొదటి భాగం కూడా వృథా. వస్తువులు హఠాత్తుగా ప్రత్యక్షం కావడానికి కెమెరాను ఆపి, నటులు కదలకుండా నిలిచి ఉండగా వస్తువును పెట్టి మరల నడిపించేవారు. గాలిలో ఎగిరే మేడల వంటి వాటికి చిన్న నమూనాలను తయారుచేసేవారు. బార్ట్‌లే ఈ విద్యలో సిద్ధహస్తుడు. ఆరేళ్ళ తరువాత ఇదే బృందం తీసిన మాయాబజార్ (1957)లో ఈ నైపుణ్యం పరాకాష్ఠకు చేరింది. అటుపిమ్మట మలయాళ చిత్రం చెమ్మీన్ (1965)కు కూడా బార్ట్‌లే ఛాయాగ్రాహకుడు.

హాలీవుడ్ సాహస చిత్రాలతో పోలిక

మూకీల కాలంలో డగ్లస్ ఫేర్‌బ్యాంక్స్ నటించిన ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్ (1924), ది బ్లాక్ పైరేట్ (1926) చిత్రాలు కత్తిపట్టి గోడలెక్కే నవ్వుముఖపు వీరుణ్ణి ప్రపంచానికి పరిచయం చేశాయి. ఎరల్ ఫ్లిన్ నటించిన కెప్టెన్ బ్లడ్ (1935), ది అడ్వెంచర్స్ ఆఫ్ రాబిన్‌హుడ్ (1938) ఆ సంప్రదాయాన్ని టాకీలలో కొనసాగించాయి. 1940లో మరల వచ్చిన ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్‌లో మైసూరు ప్రాంతపు బాలుడు సాబూ ముఖ్యపాత్ర ధరించాడు. ఈ చిత్రాలు మద్రాసులోని సినిమావారికి సుపరిచితాలు.

పాతాళ భైరవి వచ్చిన మరుసటి సంవత్సరం, 1952లో, రాబర్ట్ సియోడ్‌మాక్ దర్శకత్వంలో ది క్రిమ్‌సన్ పైరేట్ విడుదలైంది. బర్ట్ లాంకాస్టర్ సముద్రపు దొంగగా, సర్కస్ రోజుల నుండి అతని సహచరుడైన నిక్ క్రవాట్ మూగ మిత్రునిగా నటించిన ఈ చిత్రం సముద్రపు దొంగల కథను హాస్యంగా నడిపిన వాటిలో ప్రసిద్ధమైనది. ఒకదానినొకటి చూచి తీసినవి కాకపోయినా రెండింటి మధ్య పోలికలు ఆసక్తికరం. రెండింటిలోనూ నాయకుని పక్కన పొట్టి, చురుకైన స్నేహితుడు ఉంటాడు. రెండింటిలోనూ నాయకునికి బలం కంటె ఉత్సాహం ఎక్కువ. రెండూ ప్రేక్షకుణ్ణి నమ్మమని బలవంతపెట్టవు, నవ్విస్తూ నమ్మిస్తాయి.

తేడా నాయకుని లక్ష్యంలో ఉంది. సముద్రపు దొంగ దోపిడీ మాని పీడితుల పక్షం చేరతాడు. తోటరాముడు మొదటి నుండి పేదవాడే. అతడు రాజ్యాన్ని కూల్చడు, రాజుకు అల్లుడవుతాడు. తెలుగు తెరపై సముద్రయాన సాహసాలు తక్కువ కావడం మరొక విశేషం. పొరుగున తమిళంలో ఎం.జి.రామచంద్రన్ నాయకునిగా ఆయిరత్తిల్ ఒరువన్ (1965)లో సముద్రపు దొంగల ఇతివృత్తం కనిపిస్తుంది. తెలుగులో కత్తి వీరులు మాత్రం అడవినీ, గుహనూ, అంతఃపురాన్నీ విడిచి వెళ్ళలేదు.

సామాజిక సందర్భం

ఈ చిత్రం విడుదలైనపుడు తెలుగు జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో భాగం. ఆంధ్ర రాష్ట్రం 1953 అక్టోబరు 1న ఏర్పడింది. 1948 నాటి మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం అమలులోకి వచ్చి, గోదావరి డెల్టాతో సహా ఆంధ్రదేశమంతటా జమీందారీలు ముగిసిపోతున్న కాలమది. రామచంద్రపురం వంటి ఊళ్ళలో కోట, దివాణం, వాటి చుట్టూ ఉన్న తోటలు ప్రజలకు కథలో మాట కాదు, రోజూ చూచే దృశ్యం. కోట గోడ దూకి రాకుమారిని పలకరించిన తోటమాలి కొడుకును నేల తరగతి ప్రేక్షకుడు తనవానిగా గుర్తించడంలో ఆశ్చర్యం లేదు.

రాజు పెట్టిన నియమం ఇక్కడ ముఖ్యం. రాముని ధైర్యాన్ని రాజు శంకించడు; అతని పేదరికాన్నే అభ్యంతరపెడతాడు. ఐశ్వర్యం రాగానే కులగోత్రాల ప్రస్తావన లేకుండా పెళ్ళికి ఒప్పుకుంటాడు. దీనిని కథ నేరుగా విమర్శించదు గానీ, చూచినవారు గ్రహించేలా వదిలివేస్తుంది.

చిత్రానికి పరిమితులు లేకపోలేదు. ఇందుమతి కథకు కేంద్రమైనా తన విషయంలో తాను చేయగలిగినది స్వల్పం. ఆమెను ఒకరు కాపాడతారు, మరొకరు ఎత్తుకుపోతారు, తిరిగి మొదటివాడు తెస్తాడు. రాముడు పొందిన సంపద శ్రమ ఫలం కాక దేవి వరం కావడం వల్ల, సాహసమే సర్వస్వమన్న కథాసారం కొంత పలచబడుతుంది. మాంత్రికునికి నేపాళ దేశాన్ని అంటగట్టడం దూరదేశపు వారు మంత్రగాళ్ళన్న పాత నమ్మకానికి కొనసాగింపు. నేటి ప్రేక్షకులు ఈ అంశాలను గమనిస్తూ చూడవచ్చును.

ప్రదర్శన, ఆదరణ

చిత్రం అనేక కేంద్రాలలో వంద రోజులు ప్రదర్శింపబడింది. 200 రోజులు ఆడిన తొలి తెలుగు చిత్రంగా పేరు పొందింది. విజయా సంస్థ నిలదొక్కుకొనడానికి, తరువాత పెళ్ళిచేసి చూడు (1952), మిస్సమ్మ (1955), మాయాబజార్ (1957) వంటి చిత్రాలు తీయడానికి కావలసిన ఆర్థికబలం ఈ విజయం సమకూర్చింది.

పట్టణాలలో ప్రదర్శన ముగిసిన తరువాత ఇటువంటి చిత్రాలు టూరింగు టాకీసుల ద్వారా పల్లెలకు చేరేవి. డెరా కింద నేల, బెంచి, కుర్చీ తరగతులు. ఒకే ప్రొజెక్టరు కావడం వల్ల రీలు మార్చిన ప్రతిసారీ దీపాలు వెలిగేవి. పంట చేతికి వచ్చిన నెలలలో డెల్టా గ్రామాల నుండి బళ్ళు కట్టుకొని వచ్చి చూచేవారు. కొత్త చిత్రం దొరకనపుడు ప్రదర్శకులు జానపద చిత్రాలనే తిరిగి తెప్పించేవారు. అందువల్ల 1951 తరువాత పుట్టిన వారు కూడా ఈ చిత్రాన్ని తెరపై చూడగలిగారు.

1952 జనవరిలో బొంబాయిలో జరిగిన మొదటి భారత అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో భారతదేశం నుండి ఆవారా (హిందీ), అమర్ భూపాళీ (మరాఠీ), బాబ్లా (బెంగాలీ) చిత్రాలతో పాటు పాతాళ భైరవి ప్రదర్శింపబడింది. దక్షిణ భారతదేశం నుండి ఎంపికైన చిత్రం ఇదొక్కటే. ఇటలీ చిత్రం బైసికిల్ థీవ్స్ ప్రదర్శింపబడినది కూడా ఆ ఉత్సవంలోనే. జాతీయ చలనచిత్ర పురస్కారాలు 1954లో ప్రారంభమైనందున ఈ చిత్రానికి అటువంటి పురస్కారం పొందే అవకాశం లేకపోయింది.

ఇతర భాషలు

చిత్రం తెలుగుతో పాటు తమిళంలోనూ తయారై 1951 మే నెలలో విడుదలైంది. తమిళ మాటలు, పాటలు తంజై రామయ్యదాస్ రచించాడు. 1952లో హిందీలోనూ వచ్చింది. 1985లో కె.బాపయ్య దర్శకత్వంలో జితేంద్ర, జయప్రద, ఖాదర్ ఖాన్‌లతో హిందీలో పునర్నిర్మించారు. ఇందులో రాకుమారిగా నటించిన జయప్రద రాజమహేంద్రవరానికి చెందినది. కాశీమజిలీ కథలు పుట్టిన ఊరి నటి ఆ కథలోని నాయిక పాత్రను హిందీలో ధరించడం ఒక విశేషం.

ప్రభావం

పాతాళ భైరవి విజయంతో తెలుగులో జానపద చిత్రాలు వరుసగా వచ్చాయి. జయసింహ (1955), సువర్ణసుందరి (1957), రాజమకుటం (1960), జగదేకవీరుని కథ (1961), గులేబకావళి కథ (1962), బందిపోటు (1963) వీటిలో ముఖ్యమైనవి. సువర్ణసుందరిని నిర్మించిన అంజలీదేవి పెద్దాపురానికి, ఆమె భర్త, సంగీత దర్శకుడు ఆదినారాయణరావు కాకినాడకు చెందినవారు. బి.విఠలాచార్య తక్కువ ఖర్చుతో, ఎక్కువ మాయలతో ఈ తరహా చిత్రాలు తీసి జానపదబ్రహ్మగా పేరుపొందాడు. టి.ఎల్.కాంతారావు అటువంటి చిత్రాలతోనే కత్తి కాంతారావుగా ప్రసిద్ధుడయ్యాడు.

రంగుల సాంఘిక చిత్రాలు పెరిగిన కొద్దీ 1970వ దశకంలో ఈ శాఖ క్షీణించింది. సెట్లు, దుస్తులు, గుర్రాలు, కత్తియుద్ధం నేర్పేవారు - అన్నీ ఖర్చుతో కూడినవి. జానపద వీరునిగా వెలిగిన కాంతారావు నిర్మాతగా మారి నష్టపోయి, చివరి రోజులలో ఆర్థికంగా ఇబ్బంది పడి 2009 మార్చి 22న హైదరాబాదులో మరణించాడు. రాకుమారునిగా తెరపై సింహాసనాలెక్కిన నటుని జీవితం అలా ముగియడం ఒక శాఖ మొత్తం అస్తమించిన తీరుకు గుర్తుగా నిలిచింది. తన ఆత్మకథకు అతడు పెట్టుకున్న పేరు అనగనగా ఒక రాకుమారుడు.

కె.వి.రెడ్డి వద్ద సహాయకునిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు, విజయా వారి కొత్త తరం నిర్మాణంలో, రామారావు కుమారుడు బాలకృష్ణ నాయకునిగా భైరవద్వీపం (1994) తీసి జానపద చిత్రాన్ని మరల గుర్తుకు తెచ్చాడు. బాహుబలి (2015, 2017) చిత్రాలతో కత్తి, కోట, రాజ్యం తిరిగి తెలుగు తెరకు వచ్చాయి. అయితే వాటిలో నాయకుడు పుట్టుకతోనే రాజవంశీకుడు. తోటమాలి కొడుకు తోటమాలి కొడుకుగానే పుట్టి, తన ధైర్యాన్నీ స్నేహితుని తెలివినీ నమ్ముకొని కోట మెట్లెక్కిన కథగా పాతాళ భైరవి స్థానం ప్రత్యేకమైనది.

ఇవి కూడా చూడండి

కె.వి.రెడ్డి
పింగళి నాగేంద్రరావు
కాశీమజిలీ కథలు
మాయాబజార్
జానపద చిత్రాలు